పాతబండి – జీర్ణోద్ధరణ ధర్మము

ఏడు శనివారములు నియమము తప్పక వచ్చి, వచ్చిన ప్రతిసారి ఏడు ప్రదక్షిణములు చేసి మ్రొక్కు తీర్చుకొను భక్తులతో వాడపల్లి శ్రీ వేంకటేశ్వరస్వామి సన్నిధి కళకళలాడుచుండును. గోదావరి సీమల ప్రజలు "ఏడు శనివారాల వెంకన్న" యని ఆప్యాయముగా పిలుచుకొను ఆ స్వామి దర్శనార్థము రావులపాలెము దిక్కునుండియు, ధవళేశ్వరము దిక్కునుండియు వచ్చు దారులలో కార్లు, ఆటోలు, బస్సులు బారులు తీరియుండును. ఆ తళతళలాడు వాహనముల మీదినుండి చూపును ఒక్కింత ప్రక్కకు మరల్చినచో వేరొక దృశ్యము కనబడుటయు కలదు. ఏ కొబ్బరితోట మూలనో, ఏ పెంకుటింటి వెనుకనో ఒకనాటి సరకుల బండి నిలిచియుండును. దాని చక్రములు నేలలో దిగబడి, తలుపులు తుప్పు పట్టి, ముందుభాగమున తీగ లల్లుకొని యుండును. తొట్టెలో కొబ్బరిమట్టలు, డొక్కలు పడియుండును. కోళ్ళు దాని క్రింద నీడకు చేరును.

అట్టి బండి గల గృహస్థు డొకడు దానిని తన యింటి ముంగిటనే, వీలైనంతవరకు తన చేతులతోనే, మరల నడచునట్లు చేయ సంకల్పించెననుకొందము. ఇరుగుపొరుగువారు అడుగు మొదటిమాట "ఎందుకయ్యా, ఈ శ్రమ?" అనునదియే. పాత ఇనుము కొట్టునకు అమ్మినచో ఎంతో కొంత చేతికి వచ్చును. బాగుచేయుటకగు వ్యయమునకు మరికొంత కలిపినచో నడచుచున్న బండినే కొనవచ్చును. లెక్క చూచినచో వారు చెప్పినది నిజమే. అయినను అతని మనస్సు ఒప్పుకొనదు. "ఇది మా నాన్న నడిపిన బండి" యనును. ఆ ఒక్కమాటతో వాదము ముగిసినట్లే కనబడును గాని, నిజమునకు అక్కడనే అసలు ప్రశ్న మొదలగును. పాతవస్తువుపై మనకు గల ఈ ప్రేమ కృతజ్ఞతయా, మోహమా? జీర్ణమైనదానిని ఉద్ధరించుట ధర్మమా, లేక విడువవలసినదానిని విడువలేని బలహీనతయా? ప్రశ్న బండిని గూర్చినదే యైనను, సమాధానము ఇంటికిని, గుడికిని, దేహమునకును వర్తించును.

వాహనము – జ్ఞాపకము

వాహనమును కేవలము కొయ్యగానో, ఇనుముగానో చూచుట మన సంప్రదాయమున లేదు. దసరానాడు ఆయుధములతోపాటు బండికిని పసుపు కుంకుమలు పెట్టుదుము. బ్రహ్మోత్సవములలో స్వామి ఒక్కొక్కపూట ఒక్కొక్క వాహనముపై ఊరేగును. వాడపల్లికి వాహనముతో గల సంబంధము ఇంకను దగ్గరిది. పూర్వము ఈ యూరికి నౌకాపురి యను పేరుండెనని స్థలపురాణము. ఓడల వర్తకు డొకడు తన నౌకలు తుపానులో చిక్కుకొన్నప్పుడు స్వామికి మ్రొక్కుకొనెననియు, అవి క్షేమముగా తిరిగిరాగా ఆలయమును కట్టించెననియు పెద్దలు చెప్పుకొందురు. ఆ వర్తకునికి నౌక సరకు మోయు కొయ్య మాత్రమే కాదు, తన యింటి అన్నము. దానిలో తన మనుష్యులు కలరు. అందువలననే ఆ మ్రొక్కు.

ఇదే యూర 1931 మార్చి 30వ తేదీన, చైత్రశుద్ధ ఏకాదశి రథోత్సవమునాడు, రథముపై గాంధీజీ చిత్రపటము నుంచిన కారణమున పోలీసులకును ప్రజలకును ఘర్షణ కలిగి, కాల్పులు జరిగి, ప్రాణములు పోయినవి. దూలములు, చక్రములు, పగ్గములు కూర్చి చేసిన రథముపై ఒక పటము కొరకు జనము అంతగా నిలువబడుటకు కారణమేమి? స్వామి అధిరోహించు రథముపై తాము పూజ్యముగా నెంచిన దానిని నిలుపుకొనుట తమ హక్కని వారు తలచిరి. ఒక వాహనము తాను మోసిన సరకుకంటె బరువైనదానిని మోయగలదు. ఒక ఇంటి కష్టమును, ఒక యూరి అభిమానమును, ఒక తరము జ్ఞాపకమును అది మోయును. "ఇది మా నాన్న నడిపిన బండి" యన్న మాటలోని బరువు అట్టిదే.

ఆ బండి ఎట్టిదై యుండును? మన రాష్ట్రము విడిపోకముందు, 1980వ దశకమున, హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపానుదేశపు నిస్సాన్ సంస్థ సహకారముతో జహీరాబాదున తేలికపాటి సరకుల బండ్లను తయారుచేసినది. 1942లో స్థాపితమైన ఆల్విన్ పేరు రిఫ్రిజిరేటర్ల వలనను, చేతిగడియారముల వలనను తెలుగువారి యిండ్లలో చిరపరిచితము. 1989లో దాని బండ్ల తయారీ మహీంద్రా సంస్థ చేతిలోనికి వచ్చినది. ఆ కాలపు బండి యేదైనను నేటికి నిలిచియున్నచో దానికి సుమారు నలుబది యేండ్ల వయస్సు. కోనసీమవంటి సీమలో అట్టి బండి చేయు పని మనకు తెలియనిది కాదు. తోటలనుండి కొబ్బరికాయలు, లంకలనుండి అరటిగెలలు, కళ్లములనుండి ధాన్యపు బస్తాలు, పెండ్లిండ్లకు వంటపాత్రలు, వరదలలో ముంపునుండి తరలు కుటుంబముల సామాను — అన్నియు దాని తొట్టెలోనికే ఎక్కును. అది పిల్లల చదువులకు ఫీజులు కట్టినది; ఆడపిల్లలకు పెండ్లిండ్లు చేసినది. అలంకారముగా చెప్పిన మాట కాదిది. దాని కిరాయి డబ్బుతోనే ఆ పనులు జరిగినవి.

పూర్వపక్షము

అయినను పూర్వపక్షమును తేలికగా త్రోసివేయరాదు. భగవద్గీత రెండవ అధ్యాయమున శ్రీకృష్ణపరమాత్మ అర్జునునకు జీర్ణవస్త్రముల ఉపమానము చెప్పినాడు. మనుష్యుడు చినిగిన బట్టలను విడిచి కొత్తవి కట్టుకొనునట్లు, దేహి జీర్ణదేహములను విడిచి కొత్తవానిని పొందునని దాని తాత్పర్యము. జీర్ణమైనదానిని విడుచుట సహజమని భగవంతుడే చెప్పగా, తుప్పు పట్టిన ఇనుమును పట్టుకొని వ్రేలాడుట అవివేకము కాదా? అది మమకారమునకు మరియొక పేరు కాదా? మంచి ప్రశ్నయే.

అయితే ఆ ఉపమానమును నిదానముగా పరిశీలింపవలెను. వస్త్రము జీర్ణమైన తరువాత విడువుమనియే గాని, మాసినంతమాత్రమున పారవేయుమని అందు లేదు. మాసినదానిని ఉతుకుదుము. చిన్న చిరుగును కుట్టుకొందుము. కుట్టుటకు వీలులేనంతగా దారములే చివికినప్పుడు విడుతుము. విడుచుటయు ధర్మమే, కుట్టుకొనుటయు ధర్మమే. ఏది ఎప్పుడో తెలియుటయే వివేకము. కుట్టగలిగినదానిని పారవేయువాడు వైరాగ్యవంతుడు కాడు, సోమరి. కుట్టరానిదానిని వదలలేనివాడు కృతజ్ఞుడు కాడు, మోహవశుడు. కావున పాతబండిని బాగుచేయవచ్చునా కూడదా యను ప్రశ్నకు ముందు, అది మాసినదా, చివికినదా యని తెలిసికొనవలెను. దానిని తెలిసికొనుటకు తుప్పును గూర్చి కొంత తెలియవలెను.

తుప్పు స్వభావము

ఇనుము గాలిలోని ప్రాణవాయువుతోను, తేమతోను కలిసి తుప్పగును. ఉప్పు తోడైనచో ఆ క్రియ త్వరపడును. ఒకవంక గోదావరి పాయలు, మరియొకవంక సముద్రము గల కోనసీమలో గాలియే ఇనుమునకు పరీక్ష. దానికితోడు తొట్టెలో మిగిలిన తడి డొక్క, ఛాసిస్ మూలలలో చేరిన బురద, తలుపు క్రిందిభాగమున నిలిచిన వర్షపునీరు లోపలినుండి తినివేయును. తుప్పుకు మరియొక గుణము కలదు. అది తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ స్థలము నాక్రమించి, ఉబ్బి, పెళ్ళలుగా లేచును. ఆ పెళ్ళ రాలగా క్రింద కొత్త ఇనుము బయటపడును. తేమ దానినిని పట్టును. ఇట్లు అది తనకు తానుగా ఆగునది కాదు.

ఢిల్లీలోని ఇనుపస్తంభము సుమారు 1600 ఏండ్లుగా ఎండవానలలో నిలిచియు చివికిపోలేదు. అందలి ఇనుములో భాస్వరము ఎక్కువగా నుండుటచే, కాలక్రమమున పైన ఒక పలుచని దట్టమైన పొర ఏర్పడి, లోనిదానిని కాపాడుచున్నదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. వింత యేమనగా, ఆ రక్షకమైన పొరయు గాలి తేమలవలన ఏర్పడినదే. ఒకే గాలి, ఒకే తేమ ఒక ఇనుమును తినివేయును, మరియొకదానికి కవచమిచ్చును. లోని ధాతువును బట్టి ఫలము. మనుష్యులకును కష్టసుఖములు అందరికిని వచ్చునవే. ఒకని మనస్సును అవి పెళ్ళలు పెళ్ళలుగా తినివేయును. మరియొకనికి అవే ఓర్పు అను కవచమగును.

తుప్పుయొక్క అన్నిటికంటె ప్రమాదకరమైన గుణము పైకి కనబడకుండుట. రంగు క్రింద చిన్న పొక్కు మాత్రమే కనబడును. వ్రేలితో నొక్కినచో లోపల రేకు లేదు. కామక్రోధాదులును ఇట్లే పని చేయునని వేరుగ చెప్పనక్కరలేదు. నిత్యము దేవాలయమునకు వచ్చువాని నుదుట బొట్టు తళతళలాడుచుండగనే లోపల అసూయ రేకును తినివేయుచుండవచ్చును. పైరంగును చూచి లోని బలమును నిర్ణయింపరాదు.

పని నేర్పు పాఠము

ఇప్పుడు మన గృహస్థు పనిలోనికి దిగినాడనుకొందము. మొదట కడుగుట. ఏండ్ల బురద, నూనెమడ్డి వదలినగాని ఏది బాగున్నదో, ఏది చెడినదో తెలియదు. పిమ్మట చిన్న సుత్తితో అడుగడుగునను తట్టి చూచుట. గట్టి రేకు కంగుమనును. చివికిన రేకు బొద్దుగా పలుకును. ఛాసిస్ దూలములు గట్టిగానున్నవా లేదా యనునది అన్నిటికంటె ముందు తేల్చుకొనవలసిన విషయము. వెన్నెముకవంటి దూలమే చివికినచో పైపై పనులన్నియు వ్యర్థము. ఈ తట్టి చూచుటలో మనస్సునకు ఒక పరీక్ష కలదు. చెడ్డ శబ్దము వచ్చినచోట మరల తట్ట బుద్ధి పుట్టదు. "ఇది ఫరవాలేదులే" యని ముందుకు పోవ బుద్ధి పుట్టును. అచట ఆగి, మరల తట్టి, సుద్దముక్కతో గుర్తు పెట్టువాడే పని చేయగలవాడు. ఆత్మపరీక్షయు ఇంతే. నొప్పి పెట్టుచోటనే మరల తట్టవలెను.

తరువాత బిగుసుకొనిపోయిన నట్లు, బోల్టులు. బలముతో పానా త్రిప్పినచో బోల్టు తల తెగిపోవును. నూనె వేసి ఒకనాడు ఆగవలెను. కదలకున్న మరల వేయవలెను. కొంచెము వేడి చూపి, సుత్తితో మెల్లగా తట్టి, ఒక యిసుమంత ముందుకు, మరల వెనుకకు త్రిప్పుచు వదల్చవలెను. ఏండ్ల తరబడి కదలని ఇంజనును గూడ ఒక్కసారి స్టార్టు చేయరాదు. లోపల నూనె పోసి, నానబెట్టి, చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. నలుబది యేండ్లలో బిగిసినది నలుబది నిమిషములలో విడిపోవలెనని కోరుట అన్యాయము. ఇంటిలో అన్నదమ్ముల మధ్య బిగిసిన మాటలకు ఈ ఉపాయమే పనిచేయునని పెద్దలకు తెలియును.

పిమ్మట చివికిన రేకును కత్తిరించుట. ఇచట ఒక నియమము కలదు. గట్టి ఇనుము దొరకువరకు కత్తిరింపవలెను. అంతకు మించి ఒక వ్రేలెడైనను కత్తిరింపరాదు. తక్కువ కత్తిరించినచో అతికిన కొత్తరేకునకు పట్టు దొరకదు. ఎక్కువ కత్తిరించినచో కాపాడదగినదానిని మన తొందరతో మనమే నాశనము చేసినవారమగుదుము. సంస్కరణలు చేయు పెద్దలందరును గుర్తుంచుకొనదగిన నియమమిది. ఒక ఆచారములో చివికినదేదో, గట్టిదేదో తట్టి చూడకయే మొత్తము కోసివేయువారును, చివికినదానిని గూడ తాకనీయనివారును ఆ ఆచారమునకు సమానముగా కీడు చేయుచున్నారు.

వీనియన్నిటికంటె పెద్ద ప్రలోభము లప్పము. చిల్లు పడినచోట కాగితమో, గుడ్డయో కుక్కి, పైన లప్పము మెత్తి, ఉప్పుకాగితముతో నునుపు చేసి, రంగు కొట్టినచో బండి కొత్తదానివలె మెరయును. రెండు వర్షాకాలములు గడచునప్పటికి అదియే చిల్లు రెండింతలై బయటపడును. గట్టి రేకుపై చిన్న సొట్టను సరిచేయుటకు లప్పము ఉపయోగపడును. అది దాని న్యాయమైన స్థానము. లేని రేకునకు బదులుగా లప్పమును నిలుపుటయే దంభము. బండిని అమ్మదలచినవాడు ఇట్లు చేసినచో అది మోసము. తనకొరకే చేసికొన్నచో ఆత్మవంచన. ఆ బండిలో కూర్చొని పోవువారి ప్రాణములు ఆ రేకుమీదను, ఆ బ్రేకుమీదను ఆధారపడియున్నవి. కావున జ్ఞాపకార్థము ఏది పాతదిగా నుంచుకొన్నను, బ్రేకులలోని రబ్బరు భాగములను, గొట్టములను మాత్రము పాతవిగా నుంచుకొనరాదు. పెట్రోలు ట్యాంకివంటివానిని వెల్డింగు చేయుట, స్టీరింగు బిగించుట మొదలగు పనులు నేర్చినవానిచేతనే చేయింపవలెను. "అన్నియు నా చేతులతోనే" యను పట్టుదల ఇచట సేవ కాదు, అహంకారము. తన చేతికి అందనిదానిని అందువానికి అప్పగించుటయు సాధనలో భాగమే.

ఏది మిగిలినది?

ఇట్లు రేకులు మారినవి, చక్రములు మారినవి, తీగెలు మారినవి, ఇంజనులోని భాగములు కొన్ని మారినవి. ఇప్పుడు ఒక సందేహము. ఇది నాన్న నడిపిన బండియేనా?

ప్రశ్న చాల పురాతనమైనది. మామిడికుదురు దగ్గర ఆదుర్రులో నేటికిని స్తూపావశేషములు కానవచ్చును. ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఈ కోనసీమలో సంచరించిరనుటకు అవి సాక్ష్యము. ఆ బౌద్ధుల గ్రంథమైన మిళిందపఞ్హలో నాగసేనుడను భిక్షువు యవనరాజైన మిళిందుని, "నీవు వచ్చిన రథమనగా ఏది? ఇరుసా? చక్రములా? పగ్గములా?" యని ప్రశ్నించును. ఏ ఒక్క భాగమును రథము కాదని రాజు ఒప్పుకొనవలసివచ్చును. భాగముల కూర్పునకు మనము పెట్టుకొన్న పేరే రథమని భిక్షువు తేల్చును. మన కఠోపనిషత్తు అదే రథమును వేరొక చూపుతో చూచినది. శరీరము రథము, ఇంద్రియములు గుఱ్ఱములు, మనస్సు పగ్గము, బుద్ధి సారథి. వీనియన్నిటికిని యజమానియై లోపల కూర్చున్నవాడు ఆత్మ. ఒకరు రథమును విప్పి చూపిరి. ఒకరు రథికుని చూపిరి.

మన ప్రభుత్వపు చట్టమునకు గూడ ఈ ప్రశ్న తప్పలేదు. బండికి ఛాసిస్ మీద చెక్కిన సంఖ్య దాని గుర్తింపునకు మూలము; రంగు మారినను, రేకు మారినను ఆ సంఖ్యయే దానిని ఫలానా బండియని నిలుపును. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము పురాతన వాహనముల నమోదునకు ప్రత్యేక నియమములు చేసినది. మొదటి నమోదునుండి 50 ఏండ్లు దాటిన రెండు, నాలుగు చక్రముల వాహనములకు, ఛాసిస్, పైకట్టు, ఇంజను గణనీయముగా మార్పబడక అసలు రూపముననే యున్నచో, ఆ గౌరవము లభించును. అట్టి బండిని ప్రదర్శనలకు తీసికొనిపోవచ్చును గాని, నిత్యవాడుకకు, వ్యాపారమునకు నడుపరాదు. మనము చెప్పుకొన్న 1980వ దశకపు బండికి ఆ వయస్సు ఇంకను రాలేదు. అది సరకు మోయదలచినచో సామర్థ్యపరీక్షకు నిలిచి, ఫిట్‌నెస్ పత్రము పొందవలసినదే. చట్టము రెండు మార్గములు చూపుచున్నది: చూడదగిన వస్తువుగా నిలుచుట, లేక పనికి వచ్చు వస్తువుగా నడచుట. మార్పు లేక నిలిచినదానికి చూపరుల గౌరవము. పరీక్షకు నిలిచినదానికి పని.

ఇక మన ఆగమములు ఏమి చెప్పుచున్నవి? గర్భాలయములో మరమ్మతు చేయవలసివచ్చినప్పుడు మూలమూర్తిలోని శక్తిని కుంభములోనికి ఆవాహనచేసి, బాలాలయమున నిలిపి, పని ముగిసిన పిమ్మట తిరిగి ప్రతిష్ఠింతురు. తిరుమలలో 12 ఏండ్లకొకసారి జరుగు అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము 2018 ఆగస్టులో జరిగినది. పూరీక్షేత్రమున జగన్నాథుని దారుమూర్తులు జీర్ణమైనప్పుడు కొత్త దారువుతో మూర్తులను చేసి, లోని బ్రహ్మపదార్థమును పాతమూర్తినుండి కొత్తమూర్తికి మార్తురు. ఆ నవకళేబరోత్సవము 1996లోను, 2015లోను జరిగినది. వాడపల్లి స్వామియు రక్తచందన దారుమూర్తియే. దారువునకు కాలము తప్పదని ఎరిగియే మన పూర్వులు దారువున దేవుని నిలిపిరి. వారు నమ్మినది కొయ్య శాశ్వతమని కాదు. సేవించు చేతులు తరతరములకును ఉండునని.

ఇచటనే మన సందేహమునకు సమాధానము కలదు. బండిలో తరమునుండి తరమునకు వచ్చునది రేకు కాదు. తండ్రి ప్రతి ఉదయము చక్రముల గాలి చూచి, నీరు పోసి, నూనె తడిమి, దండము పెట్టి బండి నెక్కెడివాడు. ఆ శ్రద్ధయే ఆ బండికి ప్రాణము. కుమారుడు కొత్త రేకు వేసియు ఆ శ్రద్ధను నిలుపుకొన్నచో అది తండ్రి బండియే. ఒక్క భాగమును మార్చక అద్దాలగదిలో నుంచి, ఆ శ్రద్ధను మరచినచో అది తండ్రి బండి కాదు, తండ్రి బండి శవము.

ఉద్ధరింపరానిది

ఎంత ప్రేమించినను ఉద్ధరింపరాని స్థితి యొకటి కలదు. కోనసీమవాసుల హృదయములలో ఇంకను ఆరని గాయము అంతర్వేది రథము. 2020 సెప్టెంబరులో ఒకనాటి రాత్రి శ్రీ లక్ష్మీనరసింహస్వామి రథము దగ్ధమైనది. కాలి బూడిదయైన దారువును అతికించుట ఎవరికిని సాధ్యము కాదు. కొత్త దారువు తెచ్చి, కొత్త రథము చేసిరి. 2021 ఫిబ్రవరిలో కల్యాణోత్సవముల నాటికి అది సిద్ధమైనది. పాతరథము పోయెనని దుఃఖించినవారే కొత్తరథపు పగ్గములను పట్టిరి. ఆ పట్టుటలో మరపు లేదు. పోయినదానిని పోయినదని ఒప్పుకొని, సేవ ఆగకుండ చూచుకొనుట కలదు.

కావున ఛాసిస్ దూలమే చివికినదని తెలిసినచో, మన గృహస్థు దుఃఖపడినను సరే, దానిని వదలుటయే ధర్మము. పనికివచ్చు భాగములు మరియొక బండికి ఉపయోగపడును. మిగిలిన ఇనుము కొలిమికి పోయి మరల ఇనుమగును. జీర్ణవస్త్ర న్యాయము వర్తించుచోటు అదియే. తండ్రి స్టీరింగు చక్రమును గోడకు తగిలించుకొనినచో ఎవరును తప్పు పట్టరు.

కృతజ్ఞతయా, మోహమా?

మొదటి ప్రశ్నకు మరల వత్తము. ప్రేమలో కృతజ్ఞత యెంత, మోహమెంత యని కొలుచుటకు త్రాసు లేదు. అయినను కొన్ని గుర్తులు కలవు.

మొదటిది, ఆ యింటిలోని ప్రాణులు. తండ్రి నడిపిన బండికి సాయంకాలమంతయు పాలిషు పెట్టుచు, వసారాలో మంచముమీద నున్న తండ్రితో నాలుగు మాటలు మాట్లాడుటకు తీరిక లేనివాని ప్రేమ ఇనుముమీదనే గాని తండ్రిమీద కాదు. తండ్రి గతించి, తల్లి మందులకు డబ్బు వెదకికొనుచుండగా, బండి రంగులకు అప్పు చేయువాడును అట్టివాడే. ఆ బండిపై ఏండ్ల తరబడి బస్తాలెత్తిన కూలివాడు ఊరిలోనే ముసలివాడై యుండవచ్చును. బండిని ఉద్ధరించువాడు ఆ కూలివాని గడప ఒక్కసారియైన త్రొక్కెనా? బండి మోసిన బరువును ముందు ఎత్తినవి ఆ భుజములే. వస్తువునకు జీర్ణోద్ధరణ చేయుచు, దానితో పనిచేసిన మనుష్యులను తుప్పు పట్టనిచ్చుట కృతజ్ఞత యనిపించుకొనదు.

రెండవది, బాగైన తరువాత ఆ బండిని ఏమి చేయుచున్నాడనునది. పొరుగువాని పిల్లవాడు చేయి వేసినంతనే కసురుకొనినచో, చిన్న గీత పడినంతనే ఇల్లు కంపించునట్లు కోపించినచో, పాతతుప్పు రేకును వదలి మనస్సును పట్టినదని తెలిసికొనవలెను. నలుగురి అవసరములకు అది మరల ఉపయోగపడినచో, పెండ్లి సామానో, వరదబాధితుల మూటలో అందులో ఎక్కినచో, ఉద్ధరణము ఫలించినది.

మూడవది, దాని చివరిరోజును తలచుకొనగల ధైర్యము. ఎంత బాగుచేసినను ఈ గాలిలో, ఈ తేమలో ఇనుము మరల తుప్పు పట్టకమానదు. రెడ్ ఆక్సైడు పూత తుప్పును ఆలస్యము చేయునే గాని నివారింపదు. ఇది తెలిసియు పూత పూయువాడు ఫలాపేక్ష లేక కర్మ చేయువానికి సమీపమున నున్నాడు. రేపు మాయుననియెరిగియే ఇల్లాలు నేటి ఉదయము వాకిట ముగ్గు పెట్టుచున్నది గదా! రేపు మరల పెట్టవచ్చును. ఆ పెట్టుటయే ఆమె పూజ. నిలిచియుండుట వస్తువు చేతిలో లేదు, శ్రద్ధతో సేవించుట మన చేతిలో నున్నది.

ఈ దేహమును మనకు తల్లిదండ్రులిచ్చిన పాతబండియే. ఎందరో దీనిని మోసిరి. ఇదియు ఎందరినో మోయవలసియున్నది. దీనిని లప్పముతో మెరయించుకొనుటయు తగదు, తుప్పునకు వదలివేయుటయు తగదు. నిజము పలుకు సుత్తితో తట్టి చూచుకొని, చివికినదానిని కత్తిరించి, గట్టిదానిని కాపాడుకొని, చివరిపిలుపు వచ్చువరకు నలుగురికి పనికివచ్చునట్లు నడుపుకొనవలెను. దిగవలసిననాడు మారాము చేయక దిగవలెను. అట్టి వివేకమును, ఆ శ్రద్ధను గౌతమీతీరవాసియైన శ్రీనివాసుడు మన కందరికిని ప్రసాదించుగాక!

శ్రీ వేంకటేశ్వరార్పణమస్తు.